‘మేము’ అంటే ‘నేను’ అని వినిపించింది: కార్టూన్ లిప్ సింక్ ప్రాజెక్టు డైరీ

96 సెకన్ల కార్టూన్. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మొత్తం 2,304 ఫ్రేములు. మాట్లాడే పాత్రలు రెండే, ఒక తాబేలు, ఒక కాకి. డైలాగులు 28. నోరు నిజంగా కదలాల్సిన సమయం 58 సెకన్లు, అంటే 1,392 ఫ్రేములు. బొమ్మలు గీయడం, కదిలించడం బ్లెండర్‌లో గ్రీజ్ పెన్సిల్‌ (అందులోని గీసే పరికరం)తో. శబ్దం పని ఆడాసిటీలో. రెండూ ఉచితంగా దొరికేవే.

బొమ్మలు ఎలా గీశానన్నది ఇక్కడ రాయడం లేదు. గొంతుకీ నోటికీ పొంతన కుదర్చడం గురించే రాస్తున్నాను. ఒక్కో పని రెండేసి, మూడేసిసార్లు చేశాను కాబట్టి ఎక్కడ తప్పాననేది కొలతలతో సహా రాసి పెడుతున్నాను. తెలుగు డైలాగులతో ఈ పని చేసేవాళ్లకి దశ 2, దశ 4 ఎక్కువ పనికొస్తాయి.

దశ 1: గొంతు రికార్డింగ్ (1 నుంచి 4వ రోజు వరకు)

మొదటి తప్పు ఇక్కడే. ముందు డైలాగులన్నీ నేనే చదివి, ఆ నిడివికి బొమ్మల్ని కదిలించేశాను. తర్వాత కాకి డైలాగులు అక్కతో చెప్పించాను. అక్క నాకంటే వేగంగా మాట్లాడుతుంది. నేను 3.1 సెకన్లు తీసుకున్న డైలాగుని తను 2.4 సెకన్లలో చెప్పేసింది. “కాస్త మెల్లగా చెప్పవా అక్కా” అని అడిగితే మెల్లగానే చెప్పింది కానీ అందులో ఉండాల్సిన కోపం పోయింది. కోపంగా చెప్పిన టేకునే 29 శాతం సాగదీసి చూశాను. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపించింది.

జపాన్ టీవీ యానిమేషన్‌లో బొమ్మను చూస్తూ తర్వాత గొంతు ఇవ్వడమే ఎక్కువ. దాన్ని అఫురెకో అంటారు. అమెరికా స్టూడియోల్లో గొంతు ముందు రికార్డు చేసి, దానికి తగ్గట్టు నోరు గీయడం ఎక్కువ. మొదటి పద్ధతికి తెరమీది నోటిని చూస్తూ చెప్పగలిగే అలవాటు కావాలి. మా అక్కకీ, తాబేలు గొంతు ఇచ్చిన బాబాయికీ ఆ అలవాటు లేదు. అందుకే అప్పటిదాకా కదిలించిన 11 డైలాగుల బొమ్మలూ పక్కన పెట్టి, గొంతు ముందు తీసుకున్నాను.

రెండోసారి చేసిన పద్ధతి:

1. వేవ్ ఫైలు, 24 బిట్, 48,000 హెర్ట్జ్. దీన్ని 24తో భాగిస్తే ఫ్రేముకు సరిగ్గా 2,000 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన విలువలు) వస్తాయి. 44,100 అయితే 1,837.5 వస్తాయి, ఫ్రేము అంచు శాంపిల్ మధ్యలో పడుతుంది.
2. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి. ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడు వచ్చే గాలి నేరుగా తగిలి, తర్వాత వేవ్‌ఫామ్‌లో (శబ్దాన్ని గీతగా చూపించే బొమ్మలో) ఆ అక్షరం ఎక్కడ మొదలైందో తెలియదు.
3. గట్టిగా అరిచిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు.
4. పక్కనే ఫోనుతో ముఖం వీడియో తీయాలి. ప్రతి టేకు మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టించాలి, వీడియోని శబ్దంతో కలపడానికి అదే గుర్తు.
5. ఒక్కో డైలాగుకి మూడు టేకులు.

ఫైళ్లు పంపించుకునేటప్పుడు ఎంపీ3 చేయొద్దు. మొదటి విడత నేను అలాగే పంపాను. ఎంపీ3గా మార్చినప్పుడు ఫైలు మొదట్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది. నా ఫైళ్లలో అది ఒక ఫ్రేము పైనే ఉంది.

ఇప్పటికి: 7 గంటలు. అందులో 3 గంటలు వృథా.

దశ 2: శబ్దాన్ని ఫ్రేముల్లోకి దించడం (5 నుంచి 8వ రోజు వరకు)

ఏ ఫ్రేములో ఏ శబ్దం ఉందో రాసుకునే పని ఇది. చేత్తో గీసే రోజుల్లో దీనికి ఎక్స్‌పోజర్ షీట్ వాడేవారు. నేను ఆడాసిటీ లేబుల్ ట్రాక్‌తో చేశాను.

1. డైలాగుని తెరిచి, కింద ఖాళీ లేబుల్ ట్రాక్ పెట్టాలి.
2. సమయం చూపించే పద్ధతిని 24 ఫ్రేముల ఫిల్మ్‌కి మార్చాలి.
3. మాటలన్నిటికీ లేబుల్ వద్దు. ముందు ప, బ, మ ఉన్న చోట్లకే పెట్టాలి. తర్వాత దీర్ఘాచ్చులకి.
4. లేబుళ్లను టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేస్తే సమయాలు సెకన్లలో వస్తాయి. వాటిని 24తో గుణించి, దశాంశం తర్వాతిది వదిలేసి, 1 కలిపితే ఫ్రేము నంబరు.

28 డైలాగుల్లో పెదాలు కలవాల్సిన చోట్లు 61 తేలాయి. వీటిని ‘మూతలు’ అని రాసుకున్నాను. ఇక ముందు అదే మాట వాడతాను.

ఇక్కడ చేసిన తప్పు చాలామంది చేసేదే అనుకుంటాను. ‘ప’ అనే శబ్దం వేవ్‌ఫామ్‌లో టక్కున లేచిన గీతలా కనిపిస్తుంది కదా, మూసిన నోటిని తీసుకెళ్లి ఆ గీత మీదే పెట్టాను. అన్ని ప-లూ ఆలస్యంగా వచ్చాయి. జాగ్రత్తగా చూస్తే కారణం దొరికింది. ఆ గీత పెదాలు విడిపోయిన క్షణం. పెదాలు మూసుకుని ఉన్నది దానికి ముందు, గీత చదునుగా ఉన్న చోట. మనకి వినిపించే ‘ప’ పెదాలు తెరుచుకునే చప్పుడు, అంతే. ‘బ’లో ఆ ముందు భాగం పూర్తిగా చదునుగా ఉండదు, గొంతు నాదం వల్ల సన్నటి అలలు ఉంటాయి. ‘మ’లో నిశ్శబ్దమే ఉండదు, మూసిన పెదాల వెనక ముక్కుతో వచ్చే నున్నటి అల ఉంటుంది. మూడింటినీ మూడు రకాలుగా వెతకాలి.

నా రికార్డింగుల్లో మూతల నిడివి:

- ‘పాప’లో రెండో ప: 88 మిల్లీసెకన్లు, 2 ఫ్రేములు
- ‘మేము’లో రెండో మ: 72 మిల్లీసెకన్లు, 2 ఫ్రేములకు కాస్త తక్కువ
- ‘అమ్మ’లో మ్మ: 158 మిల్లీసెకన్లు, దాదాపు 4 ఫ్రేములు
- ‘అప్పుడు’లో ప్ప: 171 మిల్లీసెకన్లు, 4 ఫ్రేములు

ద్విత్వానికి ఇంచుమించు రెట్టింపు. ఇది పాటించకపోతే ‘అప్పుడు’ అనే మాట తెరమీద ‘అపుడు’ అవుతుంది. 61 మూతల్లో ద్విత్వాలు 14. వాటిని విడిగా గుర్తు పెట్టుకున్నాను.

ఇప్పటికి: 16 గంటలు. గుర్తించిన మూతలు 61, దీర్ఘాచ్చులు 93.

దశ 3: యంత్రానికి అప్పజెప్పి చూశాను (9, 10వ రోజులు)

రూబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత ప్రోగ్రాం వేవ్ ఫైలు తీసుకుని, ఏ సమయానికి ఏ నోరు పెట్టాలో జాబితా ఇస్తుంది. ఆరు ప్రాథమిక నోళ్లు, కావాలంటే మరో మూడు. ఇందులో శబ్దాన్ని గుర్తుపట్టే పద్ధతులు రెండున్నాయి. మామూలుగా నడిచేది ఇంగ్లిష్ కోసం చేసింది. మిగతా భాషలకి ఫొనెటిక్ అనే రెండోది ఎంచుకోవాలి. నేను మొదటిరోజంతా మొదటిదాంతోనే నడిపాను, ఫలితం ఎందుకూ పనికి రాలేదు.

ఫొనెటిక్‌కి మార్చాక నా 61 మూతలతో పోల్చాను:

- ఒక్క ఫ్రేము తేడాలోపు కుదిరినవి: 37
- రెండు ఫ్రేములు, అంతకంటే ఎక్కువ ఆలస్యమైనవి: 15
- అసలు పట్టుకోనివి: 9

అచ్చుల వరకు బాగానే చేసింది, అది చెప్పాలి. 37 అంటే సగానికి పైనే కాబట్టి సరిపోతుందని అనుకుని 19వ డైలాగుని అలాగే రెండర్ చేసి (పూర్తి వీడియోగా తీసి) బాబాయికి చూపించాను. అందులో తాబేలు “మేము రాలేదు” అంటుంది. ఆ గొంతు బాబాయిదే. చూసి, “ఏరా, నేను చెప్పింది ‘మేము’ కదా, ‘నేను’ అని వినిపిస్తోందేంటి?” అన్నాడు. ఫైలు మారిందేమో అని టెన్షన్ పడి వెతికాను. మారలేదు. కళ్లు మూసుకుని వింటే ‘మేము’. తెర చూస్తూ వింటే ‘నేను’.

యంత్రం వదిలేసిన 9 మూతల్లో ఆ రెండు ‘మ’లూ ఉన్నాయి. నోరు తెరిచే ఉంది కాబట్టి చెవికి ‘మ’ అందినా బుర్ర ‘న’గా సర్దుకుంది. దీనికి మెగర్క్ ఎఫెక్ట్ అని పేరు. 1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ప్రచురించారు. ‘బ’ శబ్దానికి ‘గ’ పలికే నోటిని జోడించి చూపిస్తే చాలామందికి ‘ద’ అని వినిపించింది. చదివినప్పుడు ఇది ప్రయోగశాల సంగతి అనుకున్నాను. సొంతంగా పలికిన మాటే బాబాయికి వేరేగా వినిపించాక, మూత తప్పితే డైలాగే తప్పుతుందని అర్థమైంది. ‘మేము’, ‘నేను’ అచ్చుల్లో ఒకటే. తేడా అంతా పెదాల్లోనే ఉంది.

ఇక రెండో ప్రయత్నం. డైలాగు రాతలోని అక్షరాలు చూసి నోరు ఎంచుకునే చిన్న పైథాన్ స్క్రిప్టు (ప్రోగ్రాం) రాశాను. ఇందులో సున్నాని ‘మ’ కింద లెక్కేసి మూత పెట్టమన్నాను. ‘ఎందుకు’లో తాబేలు పెదాలు కలిపింది. ‘రంగు’లోనూ కలిపింది. చూడటానికి ‘ఎమ్దుకు’, ‘రమ్గు’. సున్నా ఒకటే అయినా పలికేది నాలుగైదు రకాలుగా. తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది:

1. ప, బ ముందు (చెంబు, గుంపు): పెదాలు మూయాలి.
2. క, గ ముందు (రంగు, అంకె): మూయకూడదు, నాలుక వెనక భాగం పని.
3. చ, జ, ట, డ, త, ద ముందు (పంచు, బండి, ఎందుకు): మూయకూడదు.
4. మాట చివర (పుస్తకం, వస్తాం): మూయాలి.

ఈ నాలుగు నియమాలు రాశాక స్క్రిప్టు ఏ అక్షరమో సరిగ్గా చెప్పింది. ఎప్పుడో చెప్పలేదు, సమయాలు నా లేబుళ్ల నుంచే తీసుకోవాల్సి వచ్చింది.

ఇప్పటికి: 22 గంటలు. నోటి మార్పులు 704.

దశ 4: ఎనిమిది నోళ్లు (11 నుంచి 17వ రోజు వరకు)

704 మార్పులు 58 సెకన్లకి అంటే సెకనుకి 12. రెండు ఫ్రేములకొక నోరు. చూస్తే నోరు మాట్లాడుతున్నట్టు లేదు, వణుకుతున్నట్టు ఉంది. మా ఇద్దరు నటులూ సెకనుకి సగటున 6 అక్షరాలు పలుకుతున్నారు. హల్లుకొకటి, అచ్చుకొకటి నోరు పెట్టబట్టే ఇలా అయింది.

ఇంగ్లిష్ కోసం యానిమేటర్ ప్రెస్టన్ బ్లెయిర్ పేరుతో ఒక నోటి పట్టిక బాగా వాడుకలో ఉంది. అది పక్కన పెట్టుకుని, ఫోను వీడియోల్లో అక్క నోటిని చూస్తూ తెలుగుకి తగినట్టు ఇలా గీసుకున్నాను:

1. మూత: ప, బ, భ, మ. మాట లేనప్పుడు కూడా ఇదే, కాస్త వదులుగా.
2. పెద్దగా తెరిచింది: ఆ.
3. సగం తెరిచింది: అ, ఇంకా పేరు పెట్టలేని హల్లులన్నీ.
4. పక్కలకి సాగింది: ఇ, ఈ, ఎ, ఏ.
5. గుండ్రం: ఒ, ఓ.
6. ముందుకు వచ్చిన చిన్న నోరు: ఉ, ఊ.
7. పై పళ్ల దగ్గరికి కింది పెదవి: ఫ, వ.
8. నాలుక కొస కనిపించేది: ల, త, ద, న.

ఏడోది గీసినప్పుడు పళ్లు పెదవిని కొరుకుతున్నట్టు గీశాను. ‘ఫ’కి సరిపోయింది, ‘వ’కి సరిపోలేదు. మన ‘వ’లో పళ్లు పెదవికి తగిలీ తగలనట్టు ఉంటాయి. ‘వూ’, ‘వో’లలో అయితే గుండ్రమే. పెదవికీ పళ్లకీ మధ్య సన్నటి సందు వదిలి మళ్లీ గీశాను.

ట, డ, ణ, ళలకి వేరే నోరు గీసి ఒక పూట పోగొట్టుకున్నాను. నాలుక లోపలికి మడత పడుతుంది, బయటికి ఏమీ కనిపించదు. తీసేశాను.

నోళ్లు పెట్టే వరుస:

1. ముందు మూతలన్నీ. ఒక్కోటి కనీసం 2 ఫ్రేములు, ద్విత్వమైతే 4. చోటు చాలకపోతే ముందున్న అచ్చు నుంచి తీసుకోవాలి, తర్వాతి అచ్చు నుంచి కాదు.
2. తర్వాత దీర్ఘాచ్చులు.
3. మిగతా హల్లులకి విడిగా నోరు వద్దు. తర్వాత వచ్చే అచ్చు నోరే వాటిదీ. ‘కూతురు’ పలికి చూడండి, ‘క’ దగ్గరే పెదాలు గుండ్రం అయిపోతాయి.
4. 7, 8 నోళ్లు నెమ్మదిగా, నొక్కి పలికిన మాటల్లో మాత్రమే.
5. ఏ నోరూ ఒక్క ఫ్రేముకి వద్దు.
6. మాటకీ మాటకీ మధ్య నోరు మూయొద్దు.

ఆరోది తెలుగుకి చాలా ముఖ్యం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఒక మాట చివరి అచ్చు తర్వాతి మాటలోకి కలిసిపోతుంది. మధ్యలో నేను మూత పెట్టిన చోటల్లా లేని ‘మ’ ఒకటి వినిపించింది.

బ్లెండర్‌లో ఒక చిక్కు. ఎనిమిది నోళ్లనీ ఒకే వస్తువులో 1 నుంచి 8 ఫ్రేముల్లో గీసి, టైమ్ ఆఫ్‌సెట్ మాడిఫయర్‌ని ఫిక్స్‌డ్ ఫ్రేమ్‌లో పెట్టి, ఆ నంబరుకి కీలు (ఏ ఫ్రేములో ఏ నోరు ఉండాలో చెప్పే గుర్తులు) వేశాను. కీల మధ్య ఇంటర్‌పొలేషన్ (ఒక కీ నంబరు నుంచి తర్వాతిదానికి మారే తీరు) మార్చడం మరిచిపోయాను. 2వ నోటి నుంచి 6వ నోటికి వెళ్లేటప్పుడు మధ్యలో 3, 4, 5 కూడా మెరిశాయి. దీన్నే డ్రాయింగ్ లోపం అనుకుని ఒక రోజంతా నోళ్లు దిద్దుతూ కూర్చున్నాను. కీలన్నిటినీ కాన్‌స్టంట్‌కి మారిస్తే పోయింది.

ఇప్పటికి: 41 గంటలు. నోటి మార్పులు 704 నుంచి 331కి తగ్గాయి, సెకనుకి 5.7. మూతలు 61కి 61.

దశ 5: కుదిరిందనుకున్నది జారిపోయింది (18, 19వ రోజులు)

అంతా చూసుకుంటే నోరు ముందు, గొంతు వెనక ఉన్నట్టు అనిపించింది. కీలన్నీ 4 ఫ్రేములు వెనక్కి జరిపాను. బ్రహ్మాండంగా కుదిరింది. మర్నాడు స్పీకర్లలో పెడితే ఘోరంగా ఉంది. ముందు రోజు నేను పెట్టుకున్నది బ్లూటూత్ హెడ్‌ఫోన్.

కొలిచి చూశాను. ఒక ఫ్రేము తెల్లగా మెరిసి, అదే క్షణంలో టిక్ అనే వీడియో చేసి, హెడ్‌ఫోన్‌ని ఫోను మైకుకి ఆనించి, తెరను సెకనుకి 240 ఫ్రేములతో చిత్రీకరించాను.

- బ్లూటూత్: మెరుపు తర్వాత 46 ఫ్రేములకు టిక్, అంటే 192 మిల్లీసెకన్లు
- వైరు హెడ్‌ఫోన్: 5 ఫ్రేములు, 21 మిల్లీసెకన్లు

192 మిల్లీసెకన్లంటే నా టైమ్‌లైన్‌లో నాలుగున్నర ఫ్రేములు. నేను సరిదిద్దింది హెడ్‌ఫోన్ ఆలస్యాన్ని. 331 కీలనీ మళ్లీ పాత చోటికే తెచ్చాను. ఇక ఈ పనికి వైరే.

రెండోది మెల్లగా జారే రకం. మొదటి డైలాగు కుదిరింది, చివరిది కుదరలేదు. ఎగుమతికి ముందు ఏదో ప్రీసెట్ నొక్కాను, ఫ్రేము రేటు 23.976కి మారింది. 2,304 ఫ్రేములు 96 సెకన్లకి బదులు 96.096 సెకన్లు నడిచాయి. శబ్దం మాత్రం 96లోనే అయిపోయింది. చివరికి వచ్చేసరికి 96 మిల్లీసెకన్లు, 2.3 ఫ్రేములు గొంతు ముందుంది. తేడా మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉంటే ఆలస్యం సమస్య, పోనుపోను పెరిగితే రేటు సమస్య. ముందు ఇది తేల్చుకుని తర్వాత కీలు ముట్టుకోవాలి.

ప్రసారాల కోసం ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) ఇచ్చిన బీటీ.1359 సిఫారసులో, శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్లు పసిగడతారని, వెనకబడితే 125 దాకా గమనించరని ఉంది. ఫ్రేముల్లో ఒకటి, మూడు. ఇలా సమానంగా లేకపోవడానికి నాకు తోచే కారణం, బయటి ప్రపంచంలో చప్పుడు ఎప్పుడూ చూపు తర్వాతే అందుతుంది. సెకనుకి 343 మీటర్ల వేగంతో శబ్దం ఒక్క ఫ్రేము సమయంలో 14 మీటర్లే వెళ్తుంది. అందుకే పొరపాటు పడాల్సి వస్తే నోరు ముందుండేలా పడాలి. 0, 1, 2, 3 ఫ్రేములు ముందుకు జరిపి నాలుగు రెండర్లు తీసి, ఏది ఏదో చెప్పకుండా నలుగురికి చూపించాను. ముగ్గురు 1ని, ఒకరు 2ని ఎంచుకున్నారు. 1 ఖాయం చేశాను.

ఇప్పటికి: 46 గంటలు.

దశ 6: కాకి ముక్కు (20 నుంచి 23వ రోజు వరకు)

కాకికి పెదాలు లేవు. 61 మూతల్లో 26 కాకివే. తాబేలు నోళ్లనే ముక్కు ఆకారంలో గీస్తే ఓ, ఊ దగ్గర ముక్కు మైనంలా వంగింది. ముక్కు గట్టిగా ఉండాలి, లేకపోతే అది కాకి కాదు. వంచడం మానేసి ఇలా మార్చాను:

1. మూత: రెండు ముక్కలూ పూర్తిగా కలవాలి, సందు కనపడకూడదు. తెరుచుకునే ముందు ఒక ఫ్రేము కొస కాస్త కిందికి నొక్కాలి.
2. ఆ: పై ముక్క కదలకుండా కింది ముక్క మాత్రమే పూర్తిగా దిగాలి. రెండూ కదిలితే తల ఊగినట్టుంటుంది.
3. ఓ, ఊ: ముక్కు కొంచెమే తెరిచి, నోటి మూల దగ్గరి చర్మాన్ని ముందుకు లాగాలి. గుండ్రమంతా బుగ్గలో చూపించాలి.
4. ఈ, ఏ: అదే మూల వెనక్కి.

ముక్కు పక్క నుంచి కనిపించేటప్పుడు ఇది బాగా కుదిరింది. ఎదురుగా చూసే రెండు షాట్లలో మూతలు కనిపించనే లేదు. ఆ రెండింటినీ ముప్పావు వంతు తిరిగి ఉన్న ముఖాలుగా మళ్లీ గీశాను.

ఇప్పటికి: 57 గంటలు. నోటి మార్పులు 318 (కాకికి 13 తగ్గాయి).

దశ 7: తల, కనుబొమలు (24 నుంచి 28వ రోజు వరకు)

నోరు కుదిరాక కూడా తాబేలు మాటల వెనక దాక్కున్నట్టే ఉంది. నోటి పొరను దాచేసి చూశాను. అది మాట్లాడుతోందో వింటోందో తెలియలేదు. ఈ పరీక్ష మొదట్లోనే చేయాల్సింది.

మొదట అక్షరం అక్షరానికీ తల ఆడించాను, తప్పు. ఫోను వీడియోలు ఫ్రేము ఫ్రేముగా చూస్తే అక్క ఒక డైలాగులో ఒకే మాట మీద తల దించుతోంది. కనుబొమలు ఆ మాటకంటే 4, 5 ఫ్రేముల ముందే లేస్తున్నాయి. ఊపిరి తీసుకోవడం 7, 8 ఫ్రేముల ముందు. అదే వరుస పెట్టాను: ఊపిరి, కనుబొమ, తల, చివరికి నోరు. డైలాగుకి ఒక్క నొక్కు మాత్రమే, ఏ మాట మీద అనేది గొంతు ఎత్తు చూసి నిర్ణయించాను. మూత మీద కంటిరెప్ప వేయకూడదని కూడా తెలిసింది. రెండూ ఒకేసారి మూసుకుంటే ముఖం ఆగిపోయినట్టు ఉంటుంది. అలాంటివి 6 దొరికితే రెప్పల్ని 3 ఫ్రేములు పక్కకి జరిపాను.

ఇప్పటికి: 71 గంటలు. పూర్తయిన డైలాగులు 25.

మిగిలింది

ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడే మూడు డైలాగులు. విడివిడిగా రికార్డు చేశాను కాబట్టి అతికించినట్టు ఉన్నాయి. అక్కనీ బాబాయినీ ఒకే గదిలో, రెండు మైకులతో, ఎదురెదురుగా కూర్చోబెట్టి మళ్లీ తీసుకోవాలి. ఒకరి మైకులో మరొకరి గొంతు పడుతుంది కాబట్టి మూతలు వేవ్‌ఫామ్‌లో కనపడవు. వాటిని ఫోను వీడియోల నుంచే గుర్తించాలి, అందుకు ఇద్దరికీ చెరో ఫోను.

19వ డైలాగుని, డైలాగుల రాత చూడని ఇద్దరికి చూపించి, తాబేలు ఏమందో రాయమన్నాను. ఇద్దరూ ‘మేము రాలేదు’ అని రాశారు.